ముల్లు ఎక్కని పదకొండు రోజులు

మా ఇంటి వెనక, బోరు పక్కన, రెండు రేకుల నీడలో ఒక కంప్రెసర్ ఉండేది. ఇప్పటికీ ఉంది.

దాని నెత్తిన అరచేతిలో పట్టేంత గుండ్రటి గేజీ, గేజీలో సన్నటి ఎర్ర ముల్లు. బటన్ నొక్కితే బెల్టు తిరిగేది, ముల్లు కొద్దికొద్దిగా లేచేది, సగం దాటాక ఒకచోట ఆగి వణికేది. అలా ఆగిన కాసేపటికి బోరు గొట్టం గుర్రుమని, నాలుగుసార్లు దగ్గి, గాలితో కలిసిన నీళ్ళను హౌజులోకి కక్కేది. మామూలు మోటారు దించేంత నీళ్ళు లేని బోర్లకు మా వైపు ఇదే దారి. సన్నపైపులోంచి గాలిని లోపలికి కొడితే, ఆ గాలి నీళ్ళను లావుపైపులోంచి పైకి ఎత్తుకొస్తుంది. ముల్లు ఎందుకు లేస్తుందో, సగంలోనే ఎందుకు ఆగుతుందో నేను ఏనాడూ అడగలేదు. దాని ధర మాత్రం పది రకాలుగా అడిగాను.

ఆ నీళ్ళతో ఇల్లు గడిచేది. ఇల్లంటే నేనూ, మా ఆయనా, మా అత్తా. అంతకంటే ముఖ్యంగా ముప్పై ఆరు బత్తాయి చెట్లు గడిచేవి. అవి మా ఆయన పెట్టినవి. మాది కేతేపల్లి దగ్గరి ఊరే కానీ, కాలువ నీళ్ళు ఎక్కని మెట్ట వైపు. ఎర్రచెలక. అక్కడ బత్తాయి పెడతానంటే ఊళ్ళో అందరూ నవ్వారు. మొదటి రెండు ఎండాకాలాలు ఆయన కావడి వేసి బిందెలతో పోసి బతికించాడు. ఆయన చెట్లతో మాట్లాడేవాడని అనను. చెట్ల దగ్గర మాట్లాడకుండా కూర్చోగలిగేవాడు. ఇంట్లో నేను ఉండగా ఆ సౌకర్యం ఆయనకు దొరకలేదు.

ఆరో ఏడు కాయ బాగా పట్టింది. తెలంగాణ వచ్చిన రెండో ఎండాకాలం అది. అంతకుముందు రెండు వానాకాలాలూ మొఖం చాటేశాయి. ఊళ్ళో బోర్లు ఒక్కొక్కటే ఎండుతున్నాయి. మాది చిన్న బోరైనా ఇంకా దగ్గుతూనే ఉందని నాకు లోపల కొంచెం గర్వం కూడా ఉండేది.

ఒకరోజు పొద్దున బటన్ నొక్కితే బెల్టు తిరిగింది. ముల్లు కొంచెం కదిలి, మళ్ళీ కింద పడుకుంది. గొట్టంలోంచి నీళ్ళు రాలేదు. ఉత్త గాలి వచ్చింది, నిద్రలో ముసలివాళ్ళు ఊపిరి వదిలినట్టు.

మా ఆయన ఆపి, బెల్టును బొటనవేలితో నొక్కి చూశాడు. వదులుగా ఉందని మోటారును వెనక్కి జరిపి బిగించాడు. ముల్లు లేవలేదు. గాలి పీల్చే చోట ఉన్న డబ్బా విప్పి, అందులోని జల్లెడను కిరసనాయిలుతో కడిగి ఆరబెట్టాడు. లేవలేదు. ఆయిలు చూశాడు, సరిపోను ఉంది. నేను సబ్బునురుగు కలిపి తెస్తే, మిషను నుంచి బోరు మూతి దాకా ఒక్కో కీలుకూ పూసి, బుడగలు వస్తాయేమోనని ఇద్దరం మోకాళ్ళ మీద కూర్చుని చూశాం. ఒక్కచోట చిన్న బుడగ వచ్చింది. క్లాంపు బిగిస్తే అదీ పోయింది. ముల్లు మాత్రం లేవలేదు.

"మిషిన్ల గాలి తయారైతలేదు," అన్నాడు ఆయన.

"ఆడు మోసం చేసిండు," అన్నాను నేను.

ఆ మాట అన్న క్షణంలోనే సగం తోట పోయిందని ఇప్పుడు తెలుసు.

ఆడు అంటే నార్కట్‌పల్లి చౌరస్తాలో పాత మిషన్లు బాగుచేసి అమ్మే మనిషి. ఏడాది కింద ఆ కంప్రెసర్ అతని దగ్గరే కొన్నాం. కొన్నాం అంటే నేను కొన్నాను. మా ఆయన వెనక నిలబడి ఆకాశం చూశాడు.

నేను దుకాణంలో పుట్టి పెరిగిన మనిషిని. నార్కట్‌పల్లి పాత రోడ్డు మీద మా బాపుది కిరాణం. మా పెదనాయినది బట్టల కొట్టు, మా మేనమామది గిన్నెల కొట్టు. పలకా బలపం కంటే ముందు నా చేతికి తరాజు వచ్చింది. అమ్మేవాడి మొఖంలో ఏ గీత ఎప్పుడు కదులుతుందో నాకు తెలుసు. పెళ్ళయి వచ్చిన ఆరు నెలలకే ఊళ్ళో ఎవరు బర్రెను కొన్నా, పెళ్ళిబట్టలు కొన్నా, ఆఖరికి తలుపు చెక్క కొన్నా నన్ను ఆటో ఎక్కించుకుని పోయేవాళ్ళు. నాకు కూలీ ఏమీ లేదు, ఒక సోడా తాగించేవాళ్ళు. దారి పొడుగునా నేను తగ్గించిన కథలు నేనే చెప్పుకునేదాన్ని, సోడా ఖర్చు వాళ్ళకు అక్కడే వసూలయ్యేది.

కంప్రెసర్ కొన్న రోజున తెల్లారగానే బయల్దేరదీశాను. "గింత పొద్దుగాల ఎందుకే, కొట్టు తెరిచుంటదా?" అన్నాడు మా ఆయన. తెరవకముందే ఉండాలని ఆయనకు ఎట్లా తెలుస్తుంది? బోణి బేరానికి వచ్చినవాళ్ళను ఉత్తచేతులతో పంపడానికి ఏ దుకాణదారుకైనా చేతులు రావు. మా బాపు అయితే బోణి పోకూడదని నష్టానికి కూడా బెల్లం తూచేవాడు. మేం పోయేసరికి ఆ మనిషి కొట్టు ముందు నీళ్ళు చల్లి, అగరుబత్తి వెలిగించి, ఇంకా దండం పెట్టుకుంటున్నాడు. దండం అయ్యేదాకా ఆగాను, మర్యాద ఉండాలి కదా. ఆ తర్వాత గంటసేపు ఆగలేదు. మిషన్‌కు రంగు వేసి పగుళ్ళు కప్పావన్నాను. చక్రం ఊగుతోందన్నాను. మోటారు చప్పుడు దగ్గులా ఉందన్నాను. లేచి రెండుసార్లు రోడ్డు దాకా పోయి వచ్చాను. చివరికి అతను తలమీది తువ్వాల తీసి మొఖం తుడుచుకుని, "బోణి బేరం, ఏం చేద్దునక్కా, తీస్కపో," అన్నాడు. అప్పుడు కొసరు అడిగాను. క్లాంపులు, ఒక డబ్బా ఆయిలు. అవీ ఇచ్చాడు.

ఇంత తక్కువకు ఇచ్చినవాడు ఏదో ఒకటి లోపల దాచే ఉంటాడని ఆరోజు నుంచీ నా మనసులో ఒక మూల ఉంది. నేను వాడిని పిండినంత వాడు నన్ను తిరిగి పిండి ఉండాలి కదా. ముల్లు లేవనప్పుడు నాకు బాధ కంటే ముందు, చూశావా అనిపించింది.

మూడోరోజుకు ఆటో ట్రాలీ దొరికింది. మిషన్‌ను విప్పి, గోనెసంచులు పరిచి, దాని పక్కనే నేను కూర్చుని నార్కట్‌పల్లి తీసుకెళ్ళాను. మా ఆయన ఇంట్లోనే ఉన్నాడు. హౌజులో మిగిలిన నీళ్ళు ముప్పై ఆరు పాదులకు చెంబుల లెక్కన పంచే పనిలో ఉన్నాడు.

కొట్టు మనిషి నా మాటలన్నీ విన్నాడు. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు, నాకు అదే అనుమానం. మిషన్‌ను దింపించి, కరెంటు పెట్టి, గాలి బయటికి పోయే మూతిని తన బొటనవేలితో గట్టిగా మూశాడు. ముల్లు గిర్రున లేచింది. సగం దాటింది, ముప్పాతిక దాటింది. వేలు నిలవక పక్కకు తప్పుకుంటే, గాలి సర్రుమని నా మొఖాన కొట్టింది.

"జూడక్కా. మిషిన్ గుండ్రాయి లెక్కున్నది."

"గీడ ఎక్కుతది, మా ఇంటికాడ ఎక్కది. గిదేం కథ తమ్మీ?"

"మిషిన్‌ది గాదక్కా. నీ బోర్ల నీళ్ళు కిందికి దిగినయి. పైపు ఇంకో రెండు లెంతులు దింపుండ్రి. జర జల్దీ చెయ్యుండ్రి. ట్యాంకరు గిన మాట్లాడుకుంటే ఇప్పుడే మాట్లాడుకోండ్రి, వారం పోతే దొరకది."

ఆ మాట వినగానే నాకు నవ్వొచ్చింది. నిజంగా నవ్వాను, కొట్టు ముందు నిలబడి. ఎందుకంటే ఆ మాట నేను పుట్టినప్పటి నుంచీ వింటున్నాను. మా బాపు కొట్లో పప్పు కొన్నవాళ్ళు తిరిగొచ్చి, ఉడకడం లేదని పోరు పెడితే, బాపు గద్దె మీంచి కదలకుండా, "పప్పుది కాదమ్మా, మీ నీళ్ళు ఉప్పునీళ్ళు," అనేవాడు. ఒక్క పప్పు గింజా వెనక్కి వచ్చేది కాదు. సరుకు మీది తప్పును కొన్నవాళ్ళ నీళ్ళ మీదికి నెట్టడం మా ఇంటి విద్య. ఆ విద్యను నా మీదే ప్రయోగిస్తావా అనుకున్నాను.

పైగా అతని కొట్టు వెనక గోడకు పైపుల కట్ట ఆనించి ఉంది. కొత్తవి. రెండు లెంతులు దింపమంటే, ఆ రెండు లెంతులు ఎవరు అమ్ముతారు? ట్యాంకరేమో అతని బామ్మర్దిదే అయి ఉంటుందని తీర్మానించాను. అతనికి బామ్మర్ది ఉన్నాడో లేడో ఈనాటికీ నాకు తెలియదు.

"పైపులు అమ్ముకునుడు తర్వాత చూద్దాం. ముంగట నా మిషిన్ బాగు చెయ్యి," అన్నాను. కొంచెం గట్టిగానే అన్నాను. చౌరస్తాలో బస్సుల కోసం నిలబడినవాళ్ళు తిరిగి చూశారు. వాళ్ళు తిరిగేదాకా గొంతు పెంచడం కూడా మాకు చిన్నప్పుడే నేర్పారు.

అతను ఒకసారి రోడ్డు వైపు, ఒకసారి నా వైపు చూశాడు. "సరే కూసో," అన్నాడు. ఒక కాలు విరిగి తీగ చుట్టిన కుర్చీ వేశాడు. మిషన్ తల విప్పి, లోపలి వాల్వు రేకులు తీసి చూపించాడు. సన్నగా, తళతళా ఉన్నాయి. "ఏం గాలేదు గదా," అన్నాడు. "మార్చు," అన్నాను. మార్చాడు. గాస్కెట్ మార్చమన్నాను, మార్చాడు. విప్పిన ప్రతి నట్టునూ గుడ్డతో తుడిచి, వరుసగా పేపరు మీద పెట్టి, మళ్ళీ అదే వరుసలో బిగించాడు. ఒక్క పైసా ఇవ్వనన్నాను. "నేనడిగిన్నా?" అన్నాడు.

గెలిచి ఇంటికొచ్చాను. మిషన్ బిగించి బటన్ నొక్కాం. ముల్లు కొంచెం కదిలి పడుకుంది.

అట్లా చూస్తుండగానే అయిదో రోజు వచ్చింది. చెట్ల ఆకులు మధ్యాహ్నం పూట దొప్పల్లా ముడుచుకుంటున్నాయి. సాయంత్రానికి మళ్ళీ విచ్చుకుంటున్నాయి కాబట్టి పరవాలేదని నేనే అన్నాను. మా ఆయన చెట్టు చెట్టుకూ తిరిగి ఆకును వేళ్ళ మధ్య పెట్టి వంచి చూస్తున్నాడు.

"ఆయన పైపు దింపుమన్నడు గదా. దింపి చూద్దమా?" అన్నాడు.

"నీకు అమ్మేటోళ్ళ సంగతి తెల్వదయ్యా. పైపు దింపినంక గూడ ఎక్కకపోతే ఏమంటడు? ఇంకో రెండు దింపుమంటడు. అట్ల పాతాళం దాక అమ్ముతడు."

"గంతేనంటవా?"

"గంతే."

ఆయన మళ్ళీ అడగలేదు. నాకు తెలిసిన మనుషుల్లో నా మాట మీద పూర్తి నమ్మకం ఉన్నది ఆయనొక్కడికే. దాన్ని నేను ఏం చేశానో చూడండి.

మా అత్త తన వంతుగా బోరుకు కొబ్బరికాయ కొట్టింది. ఆ కొబ్బరినీళ్ళు కూడా పాదులో పోయమని మా ఆయన అడిగితే, తమాషాకు అన్నాడనుకుని నవ్వాను. తమాషాకు కాదు.

ఎనిమిదో రోజు రెండోసారి నార్కట్‌పల్లి పోయాను. ఈసారి పిస్టను రింగులు అరిగాయని ఊళ్ళో ట్రాక్టరు తోలే ఒకాయన చెప్పాడు. అతను బోరూ చూడలేదు, మిషనూ చూడలేదు, టీ తాగుతూ చెప్పాడు. అతను ఏమీ అమ్మడు కాబట్టి నమ్మాను.

కొట్టు మనిషి నన్ను చూడగానే, "అక్కా, పైపు దింపిన్రా?" అన్నాడు.

"పైపు పైపు అని పాట పాడకు. రింగులు మార్చు. గేజీ గూడ మార్చు. నీ గేజీ నీ కొట్ల ఒక తీరు, మా ఇంట్ల ఒక తీరు చూపెడతాంది."

"గేజీకేం తెలుసక్కా ఎవరి ఇల్లో."

పక్కన చాయ్ తాగుతున్నవాళ్ళు నవ్వారు. నాకు మండింది. ఇట్లాంటి మిషను అమ్మి ఆడమనిషిని ఆటోలలో తిప్పుతున్నావని, రేపు మా ఊరోళ్ళందరినీ తీసుకొచ్చి కొట్టు ముందు కూర్చోబెడతానని అన్నాను. ఇంకా కొన్ని అన్నాను. రాయదగినవి కావు.

అతను పానా తీసుకుని మిషన్ తల విప్పాడు. తర్వాత రింగులు తీసి మార్చాడు. కొత్త గేజీ పెట్టాడు. చివరి నట్టు బిగిస్తూ, నా వైపు చూడకుండా అన్నాడు: "పైపులు నా తాన కొనకుండ్రి. నల్లగొండల కొనుండ్రి, సూర్యాపేటల కొనుండ్రి. ఇంట్ల పాతయి ఉంటే అయి దింపుండ్రి. గని దింపుండ్రి అక్కా. తోట ఉన్నదన్నవు గదా."

ట్రాలీ ఎక్కుతూ కూడా ఆ మాటలో మెలిక ఎక్కడుందా అని వెతికాను. నల్లగొండ కొట్లలో కమీషను ఉంటుందనుకున్నాను.

దారిలో మా బాపు కొట్టు ముందు ఆటో ఆపించాను. ఆ విజయం ఎవరికైనా చెప్పుకోవాలి కదా. పెద్ద రోడ్డు పడ్డాక పాత రోడ్డు మీద గిరాకీ లేదు. బాపు ఒక్కడే గద్దె మీద కూర్చుని చింతపండులో గింజలు ఏరుతున్నాడు. నేను నిలబడే మొత్తం కథ చెప్పాను. వాల్వు రేకులు ఎట్లా మార్పించాను, గాస్కెట్ ఎట్లా మార్పించాను, రింగులూ గేజీ ఎట్లా ఉత్తగా గుంజాను. మన పప్పూ ఉప్పునీళ్ళ మాట నా దగ్గరికే తెచ్చాడని చెప్పి నవ్వాను.

బాపు నవ్వలేదు. ఏరుతున్న చెయ్యి ఆపాడు.

"వాడు నీకేమమ్మిండు బిడ్డా?"

"ఏం అమ్మలే. నేను అమ్మనిస్తెనా?"

"పైపులు?"

"వేరేకాడ కొనుమన్నడు."

"మరి వానికి అబద్ధంల ఏం మిగిలింది?"

బాపు మళ్ళీ చింతపండు మీదికి వంగి, తనకు తానే చెప్పుకున్నట్టు అన్నాడు: "నేను ఉప్పునీళ్ళు అన్న ఇండ్లల్ల, సగం ఇండ్లల్ల నిజంగనే ఉప్పునీళ్ళు. నేనన్నది అబద్ధమని నువ్వెందుకు అనుకున్నవే?"

ఆ మనిషి ఒళ్ళో, ఆ కొట్లో పెరిగి, నలభై ఏళ్ళు వచ్చినా ఆయన చెప్పే మాటల్లో ఒక్కటి కూడా నిజం అయి ఉంటుందని నాకు తట్టనే లేదు. ఇంటికి వచ్చే దారంతా ట్రాలీలో ఆ మిషన్‌కు ఆనుకుని కూర్చున్నాను. ఎండకు దాని ఇనుము కాలుతోంది. పక్కకు జరగాలని కూడా అనిపించలేదు.

మిషన్‌ను దింపగానే బోరు పైపుకు తగిలించవద్దన్నాను. కరెంటు మాత్రం పెట్టమన్నాను. గాలి మూతి మీద నేను అరచెయ్యి గట్టిగా ఆనించాను. మా ఇంటి వెనక, మా రేకుల కింద, కొత్త గేజీలో ముల్లు గిర్రున లేచింది. చెయ్యి నొప్పెట్టి వదిలేశాను. గాలి నేలమీది ఎండుటాకులను లేపి దూరంగా విసిరింది. అవి బత్తాయి ఆకులు. అప్పటికే రాలుతున్నాయి.

అప్పుడు పైపుకు తగిలించాం. ముల్లు పడుకుంది.

ఆయన వంగి గొట్టం మూతి దగ్గర చెవి పెట్టి విన్నాడు. చివరికి ఆయనే అన్నాడు, మెల్లగా: "కింద నీళ్ళుంటేనే గాలికి అడ్డం తాకుతది. అడ్డం ఉంటేనే ముల్లు ఎక్కుతది. కింద ఏం లేదు. గాలి ఉత్తగ పోతాంది."

తొమ్మిదో రోజు పొద్దున సన్నతాడుకు ఒక రాయి కట్టి బోరులోకి వదిలాడు. మూరలు లెక్కపెడుతూ వదిలాడు. పైపు చివరిదాకా వదిలి పైకి లాగితే తాడు ఎండుగానే ఉంది. ఇంకా వదిలాడు. అడుగు తగిలాక పైకి లాగితే, చివరి నాలుగు మూరలే తడిసి ఉన్నాయి. మిషన్ చెడలేదు. ఒక్కరోజు కూడా చెడలేదు.

తెల్లారి పదోరోజు. ఇంట్లో పాత పైపు లేదు. పోయింది ఆ కొట్టుకే. నన్ను చూడగానే అతను లేచాడు. గోడకు ఆనించిన కట్టలోంచి రెండు లెంతులు తీసి, చివర్లు గుడ్డతో తుడిచి ఇచ్చాడు. ధర చెప్పాడు. "జర తగ్గించు తమ్మీ," అన్నాను. నోరు దానంతట అదే అనేసింది. అతను నా మొఖం కేసి ఒక్కసారి చూసి, తగ్గించి చెప్పాడు. ఆ తగ్గింపు తీసుకుని వచ్చాను. జీవితంలో నేను చేసిన బేరాలన్నిటిలో నన్ను ఇంకా కరుస్తున్నది అదొక్కటే.

పదకొండో రోజు పైపు దింపాం. ముల్లు లేచింది. మునుపటంత కాదు, కొంచెం లేచి నిలబడింది. నీళ్ళు వచ్చాయి, ఎర్రగా, మట్టితో. మా ఆయన పంచె ఎగగట్టి పాదుల వెంట పరుగెత్తాడు. మా అత్త బోరుకు దండం పెట్టింది. నాలుగు రోజులు అట్లా వచ్చాయి. రోజురోజుకూ ముల్లు ఇంత ఇంత కిందికి దిగుతూ, అయిదోరోజు పొద్దున పడుకుంది. తాడు వదిలితే రాయికి మాత్రమే తడి అంటింది. చుట్టూ ఊళ్ళోళ్ళందరి బోర్లూ ఆ పదకొండు రోజులూ లాగుతూనే ఉన్నాయి కదా. మేం మిషన్ విప్పి బిగిస్తూ కూర్చున్నప్పుడు మా కింది నీళ్ళు మా కోసం ఆగలేదు.

ట్యాంకర్ల కోసం తిరిగాం. అతను చెప్పినట్టే అయింది. పెద్ద తోటలవాళ్ళు నెల మొత్తానికి మాట్లాడేసుకున్నారు. పానగల్ దాకా పోయి అడిగాం. ఒక ట్యాంకరాయన, "పోయిన వారం వస్తే పంపుతుంటినమ్మా," అన్నాడు. పోయిన వారం నేను చౌరస్తాలో గొంతు పెంచుతున్నాను.

కాయ పోయినా చెట్టు మిగలాలని మా ఆయన కాయలు తెంపడం మొదలుపెట్టాడు. నిమ్మకాయంత ఉన్నాయి, పచ్చగా, గట్టిగా. ఒక్కోటి తిప్పి తెంపి నేలమీద వేస్తుంటే, నేను గంపలోకి ఏరాను. ఏరి ఏం చెయ్యాలో ఇద్దరికీ తెలియదు. అయినా ఏరాను. తర్వాత కొమ్మలు కొట్టాడు. మొదళ్ళకు గడ్డి కప్పాడు. ఇంట్లో స్నానాల నీళ్ళు, గిన్నెలు కడిగిన నీళ్ళు, బియ్యం కడుగు, అన్నీ మోశాం. ముప్పై ఆరు చెట్లకు అవి చాలవు. ఏ చెట్లకు పొయ్యాలో, ఏ చెట్లకు మానెయ్యాలో ఆయన ఎంచాల్సి వచ్చింది. నన్ను అడగలేదు. మొదట ఇరవై చెట్లకు పోశాడు, తర్వాత పన్నెండింటికి, తర్వాత అయిదింటికి. వానలు ఆషాఢం సగం గడిచాక వచ్చాయి. అప్పటికి గోటితో గీకితే లోపల పచ్చదనం కనబడే చెట్టు ఒక్కటీ లేదు. అన్నిటినీ గీకాడు, ఒకటీ వదలకుండా. నేను గుమ్మంలో నిలబడి చూశాను.

మొదటిరోజే పైపు దింపి ఉంటే, ట్యాంకరు మాట్లాడుకుని ఉంటే, ఎన్ని బతికేవో ఎవరూ చెప్పలేరు. సగం అని నా అంచనా. పది అయినా బతికేవి. అయిదు అన్నా ఒప్పుకుంటాను. ఇట్లా ఇప్పటికీ నాతో నేనే బేరమాడుకుంటూ ఉంటాను. ఎంతకు తగ్గించినా సున్నాకు దిగదు.

ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే నేను ఎదురు మాట్లాడి, అరిచి, ఏడ్చి, ఎక్కడో ఒకచోట సర్దుకునేదాన్ని. ఆయన అననే లేదు. ఆ చేనులో పత్తి వేశాడు. విత్తనాలకు కేతేపల్లి పోతున్నానని చెప్పులు వేసుకుంటుంటే, అలవాటుగా నేనూ కొంగు సర్దుకుని బయల్దేరాను. "నువ్వెందుకు, ఎండల," అన్నాడు. పోయి, వాళ్ళు చెప్పిన ధరకే తెచ్చాడు. అప్పటి నుంచీ ఏదైనా కొనాలంటే ఒక్కడే పోతాడు. చెప్పిన ధరకే తెస్తాడు. ఆ ధర ఎక్కువని నాకు తెలుసు, నాకు తెలుసని ఆయనకూ తెలుసు.

ఇప్పుడు ఇంటికి నల్లా వచ్చింది. బోరు మూతికి రాయి పెట్టాం. కంప్రెసర్ రేకుల కిందే ఉంది. కొత్త వాల్వులు, కొత్త రింగులు, కొత్త గేజీ. మండలంలో ఇంత మంచి కంప్రెసర్ ఇంకొకటి ఉండదు. ఊళ్ళో బండి టైరులో గాలి తగ్గితే అందరూ మా ఇంటికే వస్తారు. మా ఆయన బటన్ నొక్కి, పైపు టైరుకు పెడతాడు. ముల్లు చకచకా లేచి, సగం దాటి, ఒకచోట ఆగి వణుకుతుంది. ఎవరైనా, "మంచి మిషిన్ పట్టినవ్ అక్కా, ఎంతకు తెచ్చినవే?" అని అడుగుతారు. నేను గిన్నెలు తోముతూ వినబడనట్టు ఉంటాను. మా ఆయన ఆ ముల్లు వైపు చూడడు. టైరును చేత్తో నొక్కి చూసి, చాలు అంటాడు.